ఆవకాయ జాడీతో పంపుతున్న ఉత్తరం

నూజివీడు,
ఆదివారం మధ్యాహ్నం.

చిట్టితల్లికి నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి. ఇక్కడి కుశలానికి నాది పూచీ, అక్కడిది నువ్వు చెప్పాలి. నీ ఫోను వచ్చి మూడు ఆదివారాలైంది. మొదటి ఆదివారం పాపకు ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాం. రెండో ఆదివారం నేనే చేస్తే "మీటింగులో ఉన్నాను నాన్నా, మళ్లీ చేస్తాను" అన్నావు. ఉద్యోగం మానేసి ఏడాదిన్నర అయిన పిల్లకు ఆదివారం మీటింగేమిటని మీ అమ్మ నన్ను నిలదీసింది. నన్నడిగితే నాకేం తెలుసు? సరే, అది వదిలేయి. నేను రాస్తున్నది దాని గురించి కాదు.

కొత్త ఆవకాయ కలిసింది. బుధవారం మూర్తి కొడుకు కారులో హైదరాబాదు వస్తున్నాడు కదా, అతని చేత పంపుతున్నాను. ముప్పై నాలుగేళ్లు పోస్టాఫీసులో చేసినవాణ్ని ఉత్తరం చేతిమనిషితో పంపడం నాకే చిన్నతనంగా ఉంది గానీ, జాడీకి స్టాంపు అంటించలేను. ఈసారి చిన్నరసం కాయ బాగా దొరికింది. టెంక గట్టిపడేదాకా ఆగి కోయించాను. మీ అమ్మ ఉప్పు ఎక్కువైందంటోంది, నమ్మకు. మూడోనాడు తిరగకలిపాకే జాడీకి ఎత్తాం. నూనె పైకి తేలి ఉండాలి, తేలకపోతే కాచి చల్లార్చిన నువ్వులనూనె పోయి. తడి గరిటె పెట్టొద్దని మీ ఆయనకు కూడా చెప్పు. పోయిన ఏడాది జాడీ బూజు పట్టింది అతని చెయ్యి పడే అని మీ అమ్మ ఇప్పటికీ అంటుంది. నేను అనడం లేదు.

సంక్రాంతికి వచ్చినప్పుడు ఖర్చుల సంగతి చెప్పావు గుర్తుందా? అద్దె పెంచారనీ, పాప స్కూలు ఫీజు అనీ. అప్పుడు నేను పేకాట ధ్యాసలో ఉండి "అందరికీ ఉండేవే" అనేశాను. తర్వాత ఆలోచించాను. నేను మీ ఇంటికి వచ్చి ఉన్న నాలుగు రోజులూ చూసినవి కొన్ని రాస్తాను, కోపం తెచ్చుకోకు.

మీ గీజరు 2000 వాట్లు, పక్కన చీటీ మీద ఉంది చూశాను. అరగంట వేస్తే ఒక యూనిట్టు. అల్లుడుగారు స్విచ్చి వేసి పేపరు చదవడం మొదలుపెడతారు. ఆ పేపరు స్నానం తర్వాత కూడా చదవవచ్చు. హాల్లో ఉన్న పాత ఫ్యాను 75 వాట్లు తింటుంది. ఇప్పుడు బీఎల్‌డీసీ అని వస్తున్నవి ముప్పై వాట్ల దగ్గర తిరుగుతాయి. రోజుకు పదిహేను గంటలు తిరిగే ఫ్యాను ఒక్కటి మారిస్తే నెలకు ఇరవై యూనిట్లు మిగులుతాయి. లెక్క నువ్వే వేసుకో, లెక్కల ఎమ్మెస్సీవి నువ్వు.

ఇంకొకటి, గ్యాస్ బండ. తెచ్చినవాడు గుమ్మంలో దించి వెళ్లిపోతుంటే నువ్వు డబ్బులిచ్చి పంపేశావు. తూకం వేయించుకోవాలమ్మా. ఖాళీ బరువు బండ మీదే రాసి ఉంటుంది, 15.3 అనో 16.1 అనో. దానికి 14.2 కలిపితే ఎంతో అంత ఉండాలి. కాటా లేదంటే ఎందుకు లేదని అడుగు, అడగడానికి మొహమాటం దేనికి? పట్టీ లోపలి వైపు బండ గడువు చెప్పే ఒక అక్షరమూ అంకె కూడా ఉంటాయి. ఎ అంటే జనవరి మొదలు మార్చి దాకా, బి అంటే జూన్ దాకా, అలా డి వరకు. అంకె సంవత్సరం. ఆ గడువు దాటిన బండ ఇంట్లో పెట్టుకోవద్దు, చిన్నపిల్ల తిరిగే ఇల్లు.

ఇవన్నీ చేస్తే నెలకు ఎంత మిగులుతుంది? నాలుగైదు వందలు. పెద్ద మొత్తం కాదు, నాకూ తెలుసు. నువ్వు వెతుక్కుంటున్నది నాలుగైదు వందలు కాదని కూడా తెలుసు.

బుజ్జిగాణ్ని ఏమీ అనకు. వాడు నాకు చెప్పలేదు. వాళ్ల అమ్మ, అదే మీ పెద్దమ్మ చెప్పింది, అదీ గుడిలో ప్రదక్షిణలు చేస్తూ, మీ అమ్మ వినకుండా. నువ్వు వాణ్ని పదిహేను వేలు చేబదులు అడిగావట. "రెండు రోజుల్లో ఇచ్చేస్తాను, నాన్నకు చెప్పకు" అన్నావట. ఫోనులో ఏవో హోటళ్లకు నక్షత్రాలు పెట్టే పని దొరికిందనీ, ఒక్కోదానికి యాభై రూపాయలనీ, మొదటి రోజే నూటయాభై ఖాతాలో పడ్డాయనీ వాడితో చెప్పావట. నిజమో కాదో నేను అడగడం లేదు. పెద్దమ్మకు చెవులు సగమే పనిచేస్తాయి.

టైలరు బాబాయి గుర్తున్నాడా? నీ ఓణీల ఫంక్షనుకు జాకెట్టు బిగుతుగా కుట్టి అందరిచేతా తిట్లు తిన్నాడు, ఆయనే. ఆయన సంగతి ఒకటి నీకెప్పుడూ చెప్పలేదు. మీ అమ్మకు సగం చెప్పాను.

1988 అనుకుంటాను, నువ్వింకా పుట్టలేదు. ఆ రోజుల్లో వారపత్రికల వెనక పేజీల్లో గళ్ల పజిలు ప్రకటనలు వచ్చేవి. తొమ్మిది గళ్లు, ఎటు కూడినా పదిహేను రావాలి. మధ్య గడిలో అయిదు వాళ్లే వేసి ఇచ్చేవారు. అయిదు తెలిశాక మిగతాది అయిదో తరగతి పిల్లవాడు కూడా పూర్తిచేస్తాడు. సరిగ్గా నింపి పంపినవారికి టూ ఇన్ వన్ బహుమతి, అంటే రేడియో, టేపు రికార్డరు కలిసి ఉండే పెట్టె. చిరునామా ఢిల్లీలో ఏదో పోస్టు బాక్సు నంబరు, మనిషి పేరు ఉండదు, వీధి పేరు ఉండదు. బాబాయికి టూ ఇన్ వన్ అంటే ప్రాణం. దుకాణంలో పాటలు వినపడుతుంటే జనం నిలబడతారు, నిలబడ్డవాళ్లు బట్టలిస్తారు అని ఆయన లెక్క. గళ్లు నింపి పోస్టుకార్డు పంపాడు. పది రోజుల్లో జవాబు: మీరు గెలిచారు, ప్యాకింగు, రవాణా ఖర్చులు మాత్రం 220 రూపాయలు వీపీపీలో చెల్లించి తీసుకోండి.

వీపీపీ అంటే నీ తరానికి తెలియదు. పార్సిలు మా దగ్గరకు వస్తుంది. డబ్బు ముందు కట్టాలి, విప్పడం తర్వాత. కట్టిన డబ్బు మేము మనియార్డరుగా పంపినవాడికి చేరవేస్తాం. లోపల ఏముందో మాకు సంబంధం లేదు, అది రూలు. ఆ నెలలో అదే చిరునామా నుంచి మా ఆఫీసుకు నాలుగు పార్సిళ్లు వచ్చాయి. మొదటి మూడూ విప్పినవాళ్ల మొహాలు కౌంటరు ఇవతల నుంచి నేను చూశాను. ఏం వచ్చిందో నాకు తెలుసు.

నాలుగోది బాబాయిది. అప్పు చేసి తెచ్చిన నోట్లు, చెమటకు తడిసి ఉన్నాయి. కౌంటరు మీద పెట్టి, చేతులు వాటిమీదే ఉంచి, "అన్నయ్యా, ఇది నిజమేనంటావా?" అని అడిగాడు. నా వెనక పోస్టుమాస్టరు గారు కూర్చుని ఉన్నారు. "కట్టనిదే విప్పకూడదు, రూలు" అన్నాను. అంతే అన్నాను. రూలు చెప్పమని ఆయన అడగలేదు.

కట్టాడు. అక్కడే బల్ల మీద పెట్టి కత్తెరతో తాడు కత్తిరించాడు, జేబులో ఎప్పుడూ కత్తెర ఉండేది కదా. లోపల హిందీ పేపర్లు. పేపర్లలో పిల్లలు ఆడుకునే ప్లాస్టిక్ డబ్బా లాంటిది, బరువుకోసం సగం ఇటుక. బాబాయి ఏమీ అనలేదు. ఆ పేపర్లు మాత్రం ముడతలు తీసి, మడిచి చంకలో పెట్టుకున్నాడు, కొలత కాగితాలు కత్తిరించుకోవడానికి పనికొస్తాయని. ఇటుక మా బల్ల మీదే వదిలేశాడు. చాలా రోజులు మేము దాన్ని గాలికి కాగితాలు ఎగరకుండా వాడుకున్నాం.

మీ అమ్మకు చెప్పింది ఇంతవరకే. తర్వాత వారం ఆయన మళ్లీ వచ్చాడు, ఈసారి మనియార్డరు ఫారం నింపుకుని. వాళ్లు ఇంకో ఉత్తరం రాశారట: పొరపాటున వేరే పార్సిలు వచ్చింది, క్షమించండి, 150 పంపితే అసలుది పంపుతాం అని. నేను ఫారం పట్టుకుని ఆయన మొహంలోకి చూశాను. ఆయన కిందికి చూస్తూ, "పోయిన 220 రావాలంటే ఇది కట్టక తప్పదు కదా అన్నయ్యా" అన్నాడు. నేను లెక్కపెట్టుకున్నాను. కమిషను తీసుకున్నాను. ముద్ర వేశాను. రసీదు చింపి ఇచ్చాను.

తర్వాత ఎప్పుడు కనబడ్డా ఆయన నాతో బాగానే మాట్లాడాడు. నాకే ఆ దుకాణం ముందు నుంచి వెళ్లడం ఇబ్బందిగా ఉండేది. బజారుకు చుట్టు తిరిగి వెళ్లేవాణ్ని. మీ అమ్మ అడిగితే నడక మంచిదనేవాణ్ని.

ఎందుకు రాస్తున్నానో నీకు అర్థమవుతూనే ఉంటుంది. మా పెన్షనర్ల సంఘంలో ఒకాయన కోడలికి ఈ నక్షత్రాల పనే తగిలింది. మొదట నూటయాభై, రెండొందలు నిజంగానే వేస్తారు. తర్వాత వెయ్యి కడితే పదమూడు వందలు ఇస్తారు. అదీ ఇస్తారు. ఆ తర్వాత అయిదు వేల పని, ఇరవై వేల పని. ఫోనులో అంకె పెరుగుతూ ఉంటుంది, తీసుకోబోతే మాత్రం రాదు. పన్ను కట్టాలంటారు, చివరి పని మిగిలిపోయింది అంటారు. గ్రూపులో "నాకు లక్ష వచ్చింది" అని రాసేవాళ్లు కూడా వాళ్లే. ఆ అమ్మాయి చదువుకున్నదే, నీలాగే. ఒక్కో మెట్టు దగ్గరా ఆమె అనుకున్నది బాబాయి అన్న మాటే.

ఒకవేళ నువ్వు కట్టి ఉంటే, ఇంకొక్క రూపాయి కూడా కట్టకు. పన్ను అన్నా, జరిమానా అన్నా, పోలీసు కేసు అని బెదిరించినా సరే. 1930కి ఫోను చెయ్యి, అది సైబరు మోసాల నంబరు. ఎంత త్వరగా చేస్తే అంత మంచిది, డబ్బు ఇంకా ఏ ఖాతాలోనైనా ఆగి ఉంటే అక్కడే నిలిపేస్తారు. వాళ్ల సందేశాలు చెరిపేయకు, సిగ్గుతో చెరిపేయాలనిపిస్తుంది. నీ ఖాతా నంబరు వాడుకుంటామని, దాంట్లో డబ్బు వేసి మళ్లీ పంపించమని అడిగితే అసలు ఒప్పుకోకు. అప్పుడు కేసు నీ మీదకు వస్తుంది. అల్లుడుగారికి చెప్పు. ఆయన కోప్పడతారు, పడనీ. గీజరు కింద పేపరు చదివే మనిషి కోపం ఎంతసేపు?

పాప పేరున ఉన్న సుకన్య పొదుపు ఖాతా పాసుపుస్తకం నా బీరువాలోనే ఉంది. పాత అలవాటు కొద్దీ ఎంట్రీ వేయించడానికి పట్టుకెళ్లాను. నెలకు వెయ్యి చొప్పున క్రమం తప్పకుండా ఉంది, జనవరి నుంచి గీత లేదు. నేను నిన్ను అడగకుండా ఏప్రిల్‌ది, మేది కట్టేశాను. ఏడాదికి కనీసం 250 అయినా పడకపోతే ఖాతా లోటులో పడుతుంది, అందుకని. 8.2 శాతం వడ్డీ ఇంకెక్కడ ఇస్తారు? ఇది పోస్టాఫీసు వాడి గొప్పలనుకో, ఫరవాలేదు.

సంపాదించుకోవద్దని నేను అనడం లేదు. నీ చేతిలో నీ డబ్బు ఉండాలని నీకు ఎమ్మెస్సీ చెప్పించినవాణ్ని నేను. పై వీధి పిల్ల వంటల చానెలు పెట్టింది, నిన్నూ పెట్టమని చెప్పమంది. నేను కనుక్కున్నాను. యూట్యూబులో ప్రకటనల డబ్బు రావాలంటే వెయ్యిమంది సభ్యులు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ కావాలట. ఒక్కొక్కరు అయిదు నిమిషాలు చూస్తే 48,000 సార్లు చూడాలి. ఆ పిల్ల గోంగూర పచ్చడిని ఇప్పటికి మూడువందల మంది చూశారు, అందులో మీ అమ్మవి నలభై. ఇంటర్‌లో ఉన్నప్పుడు మన అరుగు మీద నువ్వు నెలకు ముప్పై రూపాయలకు పిల్లలకు లెక్కలు చెప్పేదానివి. సున్నం కొట్టిన గోడ మీద బొగ్గుతో భిన్నాలు వేసి నాచేత తిట్లు తిన్నావు. ఇప్పుడు ఆ అరుగు ఫోనులోనే ఉందంటున్నారు. మీ అపార్ట్‌మెంట్లోనే ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు ఎంతమంది ఉంటారు? సాయంత్రం పాప పడుకున్నాక ఇద్దరితో మొదలుపెట్టు. ముందు డబ్బు నువ్వు కట్టాలని ఏ పిల్లవాడి తల్లీ అడగదు.

ఎక్కువ రాశాను. నీ చదువు రోజుల్లో కూడా నా ఉత్తరాలు సగం చదివి మడిచేసేదానివి, నాకు తెలుసు.

జాడీ చుట్టూ మీ అమ్మ పాత వాయిల్ చీర చుట్టాను, పారేయకు, మళ్లీ ఏడాదికి కావాలి. చీర లోపలి మడతలో కవరు ఉంది, అందులో పదిహేను వేలు. బుజ్జిగాడికి ఇచ్చెయ్యి. వాడు ఇవ్వలేదంటే పాప ఫీజుకు వాడుకో. తిరిగి పంపాలని చూడకు, మనియార్డరు కమిషను దండగ.

అదే కవరులో ఒక ఇన్‌ల్యాండ్ లెటరు కూడా పెట్టాను. ఇప్పటికీ రెండున్నర రూపాయలే. నా చిరునామా రాసేశాను. ఫోనులో చెప్పడం కష్టంగా ఉంటే దాంట్లో రాయి. రాయాలనిపించకపోతే ఊరికే అంటించి డబ్బాలో వెయ్యి, నాకు అందితే చాలు.

ఇట్లు,
మీ నాన్న

తా.క. మీ అమ్మకు ఆవకాయ సంగతి రాస్తున్నానని చెప్పాను. ఫోనులో అడిగితే ఉప్పు గురించి రాశారని చెప్పు.