తమిళనాడు ఆరోగ్య శాఖ కార్యదర్శి గారికి ఒక లేఖ

అయ్యా, నమస్కారం.

మాది నెల్లూరు, ఇప్పుడు చెన్నై పెరంబూరులో ఉంటున్నాం. చెల్లెలికి ఏడో నెల. మొన్న స్కానింగ్ కోసం కూర్చుంటే బొడ్డుతాడు రక్తం దాచే కంపెనీ మనిషి ఒకాయన వచ్చి ఫైలు విప్పాడు. బొడ్డుతాడు రక్తం దాచుకుంటే రేపు బిడ్డకు ఏ జబ్బొచ్చినా భయం లేదట. 60,000 రూపాయలు, వాయిదాల్లో కట్టొచ్చట. అమ్మ అక్కడే గాజులు తడుముకుంది.

ఆ రక్తం పనికిరాదని నేననను. 1988లో పారిస్‌లో ఫాంకోని అనీమియా (ఒంట్లో రక్తం సరిగా తయారుకాని, పుట్టుకతో వచ్చే జబ్బు) ఉన్న పిల్లాడికి పసి చెల్లెలి బొడ్డుతాడు రక్తం ఎక్కించి బతికించారు. ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్‌కూ, రక్తం సరిగా పట్టని తలసీమియాకూ వాడుతున్నారు. కానీ తలసీమియా జన్యువుల్లోంచి వచ్చేది. ఆ బిడ్డ సొంత బొడ్డుతాడు రక్తంలోనూ అదే లోపం ఉంటుంది కదా! ఆ ముక్క ఫైల్లో లేదు. ఎవరి బిడ్డకు వారే దాచుకోవడానికి శాస్త్రీయ ఆధారం లేదని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల్లో చెప్పింది. ఇంట్లో అలాంటి జబ్బున్న తోబుట్టువు ఉంటే అది వేరే సంగతి.

స్కానింగ్ గదుల బయట ఈ బేరాలు ఆపించండి. ఐసీఎంఆర్ మాటను తమిళంలో, తెలుగులో గోడకు అంటించండి. అమ్మ ఇంకా గాజుల మాటే ఎత్తుతోంది, కాస్త త్వరగా.

ఇట్లు,
ఒక అన్న