పేరు రాయవద్దన్న కాఠ్మాండూ చెల్లెలికి

అమ్మానాన్న నిన్న తెల్లవారుజామున ఇంటికి చేరారు. అమ్మ లోపల నిద్రపోతోంది. నాన్న వరండాలో కూర్చుని వచ్చినవాళ్ళందరికీ నేపాల్‌లోని ముక్తినాథ్ క్షేత్రంలో చలి గురించి చెబుతున్నారు. నాకు నాలుగు రాత్రులుగా కంటి మీద కునుకు లేదు. అయినా ఈ కృతజ్ఞత ఈ రోజే రాయాలి. పనుల్లో పడితే ఇప్పుడున్నంత బాగా చెప్పలేనేమోనని భయం.

కాకినాడ నుంచి యాత్రా బృందంతో వెళ్ళారు. ముక్తినాథ్ చూసుకుని 7వ తేదీకి కాఠ్మాండూ చేరారు. అప్పటికే, అంటే 2025 సెప్టెంబర్ 4 నుంచే, అక్కడి ప్రభుత్వం వాట్సాప్, ఫేస్‌బుక్, యూట్యూబ్‌తో కలిపి 26 సామాజిక మాధ్యమాలను నిషేధించింది. అవి ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకోలేదని కారణం చెప్పారు. 8న యువత వీధుల్లోకి వస్తే కాల్పులు జరిగాయి. ఆ ఒక్క రోజే 19 మంది పోయారు. నిషేధం ఆ రాత్రే ఎత్తేశారు కానీ మంట ఆరలేదు. మర్నాడు పార్లమెంటు, ప్రభుత్వ కార్యాలయాలుండే సింహ దర్బార్ తగలబడ్డాయి. ప్రధాని ఓలీ రాజీనామా చేశారు. విమానాశ్రయం మూసేశారు. అమ్మావాళ్ళ హోటల్ గౌశాల అనే పేటలో, పశుపతినాథ్ గుడికి నడిచి వెళ్ళేంత దూరంలో ఉంది. 9 రాత్రి నుంచి వాళ్ళ ఫోన్లు మూగబోయాయి. హోటల్ నంబరు ఇక్కడి నుంచి ఎంత ప్రయత్నించినా కలవలేదు.

ఇక నాకు మిగిలింది చేతిలోని ఫోనే. ఎవరో పెట్టిన వీడియో, దాన్ని ఇంకెవరో పంచుకున్నది, దాని కింద మరెవరో అరిచింది, చూస్తూ కూర్చున్నాను. 10వ తేదీ మధ్యాహ్నం ఒక వీడియో వచ్చింది. గుడి కప్పు మీదికి జనం ఎగబాకుతున్నారు. ‘పశుపతినాథ్ ఆలయంపై దాడి’ అని రాసి ఉంది. చేతులు చల్లబడిపోయాయి. దాని కింద హిందీలో రాశాను: ‘మా అమ్మానాన్న ఆ గుడి దగ్గరే ఉన్నారు, అక్కడున్నవారు ఎవరైనా నిజం చెప్పండి.’ బదులుగా కొన్ని తిట్లు వచ్చాయి, కొన్ని ప్రార్థనలు వచ్చాయి. పావుగంటకు ఒక అమ్మాయి రాసింది: ‘దీదీ, ఇది దాడి కాదు, ఇప్పటిదీ కాదు. నక్సాల్ భగవతి జాతర. జాతరలో ఇలా ఎక్కుతారు. నేను కాఠ్మాండూలోనే ఉన్నాను.’ (నక్సాల్ అనేది అక్కడొక పేట పేరు. ఆ మాట చూసి మన వాట్సాప్ గుంపుల్లో ఏమేం అల్లారో రాయాలంటేనే మనసొప్పడం లేదు.)

నేను ఆమెను కూడా నమ్మలేదు. ఎవరిని నమ్మాలో తెలియని స్థితి అది. ఆ సంగతి ఆమెకు అర్థమైంది. కాసేపటికి ఒక వీడియో పంపింది. ముందు గోడ మీది క్యాలెండర్, 2082 భాద్ర 25 (వాళ్ళ విక్రమ సంవత్సరం లెక్కలో ఆ రోజు తేదీ). తర్వాత గోడ గడియారం. ఆ తర్వాత డాబా మీద నుంచి వీధి. మూసిన దుకాణాలు, మలుపులో ఒక సైనిక వాహనం, నడిరోడ్డు మీద పడుకున్న కుక్క. అంతే. మంటలు లేవు, అరుపులు లేవు. గడియారంలో 5.10 అయింది. నా ఫోనులో ఇంకా 4.55. ఇదీ మోసమేనని గుండె జారింది. అడిగితే ఓపిగ్గా చెప్పింది, నేపాల్ సమయం మనకంటే పదిహేను నిమిషాలు ముందుంటుందని. ‘ఇప్పుడే తీసిందని మీకు తెలియాలి కదా, అందుకే గడియారం చూపించాను’ అంది.

ఆ తర్వాత హోటల్ నంబరు అడిగింది. అక్కడి వాళ్ళకు లోపలి ఫోన్లు కలుస్తున్నాయట. ఒక ఫోనులో హోటల్‌కు చేసి, రెండో ఫోనులో రికార్డు చేసి పంపింది. అందులో మా అమ్మ గొంతు. ఎవరితో మాట్లాడుతోందో తెలియకుండానే తెలుగులో, ‘బాగానే ఉన్నామమ్మా, పప్పూ అన్నం పెట్టారు, నాన్న మాత్రలు వేసుకున్నారు’ అంటోంది. ఈ అమ్మాయికి ఒక్క ముక్క అర్థం కాకపోయినా ‘హా ఆంటీ, హా ఆంటీ’ అంటూనే ఉంది. వంటింట్లో నేల మీద కూలబడి ఏడ్చాను. అప్పటిదాకా ఒక్క చుక్క రాలేదు.

మర్నాటి దాకా ఆ అమ్మాయే నాకు వార్తాపత్రిక. నిజానికి అక్కడి పెద్ద పత్రిక కాంతిపుర్ భవనానికే 9న నిప్పు పెట్టారు. అందుకే విలేకరులు సొంత ఖాతాల్లో పెట్టేవి చూడమంది. కర్ఫ్యూ సంగతికి సైన్యం ప్రకటన, విమానాల సంగతికి విమానాశ్రయం ప్రకటన తప్ప ఇంకేదీ పట్టించుకోవద్దంది. కర్ఫ్యూ ఉత్తర్వు అంటూ ఏది పంపినా ముందు తేదీ చదివి చెప్పేది, అవి విక్రమ సంవత్సరంలో ఉంటాయి కనుక. మాజీ ప్రధాని ఝలనాథ్ ఖనాల్ భార్య కాలిన గాయాలతో చనిపోయారని ఊరంతా రాస్తుంటే, ‘ఆసుపత్రి చెప్పలేదు, మీరు ఎవరికీ పంపకండి’ అంది. తర్వాత తెలిసింది, ఆమె బతికే ఉన్నారు. నేను అడిగిన వాటిలో సగానికి ఈ అమ్మాయి జవాబు ‘తెలియదు, కనుక్కుని చెబుతాను’. కనుక్కుని చెప్పేది కూడా. నాకు నమ్మకం కుదిరింది ఆ ‘తెలియదు’ దగ్గరే.

అమ్మావాళ్ళు విశాఖలో దిగాక, నువ్వెలా ఉన్నావని మొదటిసారి అడిగాను. సిగ్గుగా ఉంది, అప్పటిదాకా అడగనే లేదు. 8న తనతో చదివే కుర్రాడికి తూటా తగిలిందట. ఆ రాత్రంతా ఆసుపత్రి వరండాలోనే ఉందట. కోలుకుంటున్నాడని చెప్పింది. పేరు రాయవద్దంది, రాయడం లేదు. చెల్లీ, ఇది ఎవరైనా నీకు చదివి చెబితే, మా ఇంట్లో నీకొక గది ఉందని తెలుసుకో.

కోపం కూడా చెప్పుకోవాలి. ఆ జాతర వీడియోను మన తెలుగు చానల్ ఒకటి ‘తాజా దృశ్యాలు’ అని రాత్రంతా తిప్పింది. తప్పని తేలాక తీసేశారు, తప్పు జరిగిందని మాత్రం ఎక్కడా చెప్పలేదు. ఒక సహాయ కేంద్రంవాళ్ళు అవే పాస్‌పోర్టు వివరాలు నాలుగుసార్లు రాయించుకున్నారు. ప్రతిసారీ కొత్త మనిషి, ప్రతిసారీ మొదటి నుంచీ. కాఠ్మాండూ కర్ఫ్యూ వేళలు తెలుగులో రెండు ముక్కలు రాసి పెట్టినవారు లేరు. అమ్మ వయసువాళ్ళు ఇంగ్లిష్ ప్రకటనలు చదువుకుంటారా? 11న ప్రత్యేక విమానం వేసి తెచ్చారు, ఆ మేలు మరిచిపోను. కానీ ఆ రెండు రోజుల్లో ఒక్క నిజమైన మాట కోసం పరాయి దేశపు పిల్ల మీద ఆధారపడాల్సి వచ్చింది.

మా ఆయన, అమెరికాలో తమ్ముడు, అత్తయ్య నాతో పాటే మేలుకొని ఉన్నారు. వాళ్ళకు వేరే చెప్పేదేముంది.

అయ్యో, హోటల్‌లో పనిచేసే అబ్బాయిని మరిచాను. నిషేధం ఉన్న రోజుల్లో నాన్న ఫోనులో నిషేధం లేని వైబర్ యాప్ పెట్టి ఇచ్చింది అతనే. తన మాత్రల్లో సగం నాన్నకు ఇచ్చిన నిజామాబాద్ పెద్దాయన, విశాఖ నుంచి అర్ధరాత్రి కారు నడిపిన మా వీధి సూరిబాబు గారు, బడిలో నా బదులు తరగతులు తీసుకున్న లెక్కల మాస్టారు, మీ అందరికీ దండాలు.

ఇంకొకరు. ఆ వీడియో కింద నేను రాసినదాన్ని చూసి ‘ఈమెకు ఎవరైనా జవాబు చెప్పండి’ అని నేపాలీలో రాసినవారు. ఆ మాట చూసే వచ్చానని చెల్లెలు చెప్పింది. వెతికాను, ఆ ఖాతా కనిపించలేదు.