గేటు మొరాయించక ముందే లెక్క కడదాం: జలవనరుల శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన జలవనరుల శాఖ మంత్రిగారికి,

నేను కోనసీమ రైతును, యంత్రాల నిర్వహణలో పనిచేసి విరమించిన ఇంజనీరును. ఒక సార్వాలో మా మురుగు కాలువ చివరనున్న స్లూయిస్ గేటు (నీటిని వదిలే, ఆపే తలుపు) స్క్రూ రాడ్డు వంగిపోయింది. కొత్తది వచ్చేసరికి తొమ్మిది రోజులు పట్టడంతో, పొట్ట మీదున్న చేలు నీళ్లలోనే కుళ్లిపోయాయి. ఏ విడిభాగాన్ని ఎక్కడ, ఎన్ని నిల్వ ఉంచాలో ముందే తేల్చుకునే మార్గం ఉన్నందునే ఈ లేఖ రాస్తున్నాను.

ఆ మార్గం పేరు సిమ్యులేషన్. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం విభాగాల్లో కలిపి గోదావరి మీదున్న మన బ్యారేజీకి 175 గేట్లున్నాయి. వాటిలో ఏ రోపు, ఏ మోటారు, ఏ గేర్‌బాక్సు ఎప్పుడు చెడింది, సామాను రావడానికి ఎన్నాళ్లు, బిగించడానికి ఎన్ని గంటలు పట్టింది అనే వివరాలతో కంప్యూటరులో ఒక నమూనా కడతారు. మరమ్మతు బృందాల సంఖ్యనూ, విడిభాగాల నిల్వనూ మారుస్తూ అదే వరద కాలాన్ని వేలసార్లు నడిపి, ఏ ఏర్పాటులో ఎన్ని గేట్లు ఒకేసారి నిలిచిపోతాయో చూస్తారు.

ఏడాది సగటు చూసి బృందాలను నియమించే మన అలవాటు ఇక్కడే దెబ్బతింటుంది. నెలకొక గేటు చెడితే ఒక బృందం చాలుననిపిస్తుంది. కానీ 2022 జూలైలోలా పాతిక లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చినప్పుడు గేట్లన్నీ ఒక్కసారే కదలాలి గనుక, ఏడాదంతా దాగిన లోపాలు ఆ రెండు రోజుల్లోనే బయటపడతాయి. 2024 ఆగస్టులో తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు, ఆ ఖాళీని మూయడానికి దాదాపు వారం పట్టింది. గొలుసు బలంతోపాటు, అది తెగాక గడిచే కాలాన్నీ లెక్కలోకి తీసుకోవాలి.

ముందుగా ఒక్క మురుగు కాలువ స్లూయిస్‌లతో మొదలుపెట్టించండి. కాకినాడ జేఎన్‌టీయూ వంటి విద్యాసంస్థకు ఈ పని అప్పగించవచ్చు. నమూనా చెప్పే జవాబును పాత వరదల రికార్డుతో సరిచూసిన తరువాతే నమ్మాలి. వేసవిలో కాలువలకు నీరు ఆపేసే లోపు ఫలితం చేతికొస్తే, ఏ గేటు ముందు విప్పాలో ఆ కొద్ది వారాల్లోనే నిర్ణయించుకోవచ్చు.

గేట్ల లోపాలు, మరమ్మతులు రాసుకునే రిజిస్టరు సరిగా లేకుంటే ఎంత గొప్ప నమూనా అయినా వృథా. గేటు ఎత్తేటప్పుడు వచ్చే కొత్త శబ్దాన్ని అందరికంటే ముందు వినేది గేట్లు, కాలువలు చూసుకునే లస్కరే కాబట్టి, ఆయన గమనించింది ఆ రోజే రాయడానికి రిజిస్టరులో ఒక గడి పెట్టించమని మనవి.

విధేయుడు,
ఒక డెల్టా రైతు