రిజిస్ట్రేషన్ అయితే అన్నీ అయినట్టు కాదు

సంపాదకులకు నమస్కారం.

స్థలం రిజిస్ట్రేషన్ అయిపోతే ఇక టెన్షన్ లేదని మనలో చాలామంది నమ్మకం. సబ్ రిజిస్ట్రార్ దస్తావేజును నమోదు చేస్తారే తప్ప, అమ్మేవారికి నిజంగా హక్కు ఉందని పూచీ ఇవ్వరు. అది చూసుకోవాల్సింది కొనేవాళ్లే.

మా వీధిలో ఒక కుటుంబం పిల్ల పెళ్లికని దాచిన డబ్బుతో స్థలం కొంది. అది పిత్రార్జితం. అన్నదమ్ములు ముగ్గురూ వచ్చి సంతకాలు పెట్టారు. అత్తారింట్లో ఉన్న చెల్లెలి సంతకం ఎవరూ అడగలేదు. ఇప్పుడామె వాటా కోసం కోర్టుకెళ్లింది, అందులో ఆమె తప్పేమీ లేదు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణతో పిత్రార్జితంలో కూతుళ్లకూ కొడుకులతో సమాన హక్కు వచ్చింది. అది పుట్టుకతోనే వస్తుందని 2020లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. అయినా "ఆడపిల్లకు కట్నం ఇచ్చేశాంగా" అనే మాటతోనే బేరాలు ముగుస్తున్నాయి. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ అడిగి, అందులోని ప్రతి ఒక్కరూ సంతకం పెడుతున్నారో లేదో చూడాలి.

ఈసీ, అంటే ఆ ఆస్తిపై రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, ఒక్కటే చాలదు. రిజిస్టర్ కాని ఒప్పందాలు, వారసుల తగాదాలు అందులో కనిపించవు. లింకు డాక్యుమెంట్ల (ఆ స్థలం పాత దస్తావేజుల) ఒరిజినల్స్ చూపించకుండా దాటేస్తుంటే, అవి ఎక్కడైనా తాకట్టులో ఉన్నాయేమో కనుక్కోవాలి. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో, ఉందేమో చూడాలి. జీపీఏతో, అంటే యజమాని తరఫున వ్యవహరించేందుకు ఇచ్చే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీతో, కొంటే యాజమాన్య హక్కు రాదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది.

ఈ జాగ్రత్తలను రిజిస్ట్రేషన్ శాఖ తన కార్యాలయాల్లోనే కాదు, మీసేవ కేంద్రాల్లోనూ పెద్ద అక్షరాలతో బోర్డులు పెట్టి చెప్పాలి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు మెట్లెక్కే సరికి చాలామంది అప్పటికే బయానా ఇచ్చేసి ఉంటున్నారు.

- ఒక పాఠకుడు, విజయవాడ