‘రా హనీ’ అంటే పచ్చి తేనె కాదు

సంపాదకులకు నమస్కారం.

కాచకుండా అమ్మే తేనెకు ఇంగ్లిష్‌లో వాడే ‘రా హనీ’ అన్న మాటను పత్రికల్లో, దుకాణాల సీసాల మీద, పిల్లలకు ఇంగ్లిష్ నేర్పే పట్టికల్లో ‘పచ్చి తేనె’ అని రాస్తున్నారు. దయచేసి మీ పత్రికైనా దీన్ని మానుకోవాలి. తెలుగులో పచ్చి అంటే ఉడకనిదీ అవుతుంది, పండనిదీ అవుతుంది. పచ్చికూర వేరు, పచ్చికాయ వేరు. ఇంగ్లిష్‌లో ఒకటి రా, రెండోది అన్‌రైప్. తేనె దగ్గరికి వచ్చేసరికి ఈ రెంటినీ కలిపేస్తే కొన్నవాళ్లూ నష్టపోతారు, తీసినవాళ్లూ నష్టపోతారు.

ఈగ పువ్వులో నుంచి తెచ్చేది తేనె కాదు, మకరందం. ఇంగ్లిష్‌లో నెక్టర్ అనేది దీన్నే. చాలా పూల మకరందంలో సగానికి పైగా నీరే. ఈగలు దాన్ని పట్టులోని మైనపు అరల్లో పోసి, రెక్కలతో విసిరి విసిరి నీటిని ఆవిరి చేస్తాయి. తేమ నూటికి 18, 20 పాళ్లకు దిగాక మైనంతో మూత వేస్తాయి. ఆ మూత పడినదే రైప్ హనీ, అంటే పండిన తేనె. పెంపకం పెట్టెలో ఈగలు పట్టు కట్టే చెక్క చట్రంలో నాలుగింట మూడు వంతుల అరలకైనా మూత పడ్డాకే తేనె తీయాలి. అనుమానముంటే చట్రాన్ని అడ్డంగా పట్టుకుని ఒక్క విదిలింపు విదిలించండి. చుక్కలు రాలితే ఇంకా పండలేదు. మన దేశ ఆహార ప్రమాణాల ప్రకారం తేనెలో తేమ 20 శాతం మించకూడదు. మించితే తేనెలోనే ఉండే ఈస్టు పని మొదలుపెడుతుంది. నురగ వస్తుంది, పుల్లటి వాసన కొడుతుంది, సీసా మూత ఉబ్బుతుంది. తేనెలో నీరు కలిపి కావాలనే ఇలా పులియబెట్టిన దానికి ఇంగ్లిష్‌లో మీడ్ అని పేరు. ఆ మీడ్, సంస్కృతం నుంచి మనకొచ్చిన మధువు, రెండూ ఒకే మూలం నుంచి పుట్టిన మాటలు. మన మధువుకూ తేనె, కల్లు రెండర్థాలూ ఉండనే ఉన్నాయి.

రా హనీ అంటే బాగా పండిన తేనెనే తీసి, పొయ్యి మీద కాచకుండా, బట్టలోనో జాలిలోనో వడకట్టినది. కనుక ‘కాచని తేనె’ అనండి. అన్‌రైప్ హనీని ‘పండని తేనె’ అనండి. సి.పి. బ్రౌన్ మా కడపలో కొలువు చేసి, తెలుగు మాటలు ఏరి, 1852లో నిఘంటువు అచ్చువేయించిన మనిషి. ఆయన పేరిట గ్రంథాలయం ఉన్న ఊళ్లో ఉంటూ ఇలాంటి తప్పు చదవడం కష్టంగా ఉంది.

‘క్రిస్టలైజ్డ్’ అన్నదానికి కొందరు ‘చక్కెర కట్టిన’ అని రాస్తున్నారు. అది చదివి చక్కెర కలిపారనుకుని మంచి తేనెను పారబోసేవాళ్లున్నారు. తేనెలోని గ్లూకోజు సహజంగానే పలుకులు కడుతుంది. మనవాళ్లు ‘తేనె పేరుకుంది’ అంటారు, ఆ మాటే సరైనది. కర్నూలు, కడప వైపు పొద్దుతిరుగుడు చేలల్లో పెట్టిన పెట్టెల తేనె తొందరగా పేరుకుంటుంది, చలికాలంలో మరీను. సీసా మూత వదులు చేసి, చెయ్యి ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో, అంటే 45 డిగ్రీలు దాటకుండా, గంటా రెండు గంటలు ఉంచితే కరుగుతుంది. నీళ్లు చల్లారితే మార్చాలి. సీసాను పొయ్యి మీద మాత్రం పెట్టకండి. వేడి ఎక్కువైతే తేనెలోని ఎంజైములు దెబ్బతింటాయి, రంగు ముదురుతుంది, హెచ్ఎంఎఫ్ అనే పదార్థం పెరుగుతుంది. కిలోకు 80 మిల్లీగ్రాములు దాటితే ఆ తేనె ప్రమాణానికి నిలవదు.

హైవ్, కోమ్ అన్న రెండు మాటలకూ ‘తేనెపట్టు’ అనే వాడుతున్నారు. యంత్రాలు చేసే అనువాదాల్లోనైతే కోమ్ ఏకంగా దువ్వెన అయిపోతోంది. కోమ్ అంటే మైనపు అరల పట్టు. హైవ్ అంటే ఆ పట్టులన్నీ ఉండే ఇల్లు, మన పెంపకందార్లకు పెట్టె. ఒక పెట్టెలో 8 నుంచి 10 చట్రాలుంటాయి. పొద్దుతిరుగుడుకు ఎకరాకు రెండు హైవ్‌లు పెట్టమన్న సలహాను ‘రెండు పట్టులు’ అని అచ్చువేస్తే రైతుకు చేరేది అందులో ఎనిమిదో వంతో, పదో వంతో. సూపర్ అంటే గొప్పదని కాదు, ఈగల పిల్లలుండే అడుగు పెట్టె మీద తేనె కోసం ఎక్కించే పైపెట్టె. బీ బ్రెడ్ రొట్టె కాదు, ఈగలు అరల్లో మగ్గబెట్టుకున్న పుప్పొడి.

ఇక హనీడ్యూ. ఇది తేనే కాదు, మంచూ కాదు. కోడూరు, రాజంపేట మామిడి రైతులకు తేనెమంచు పురుగు బాగా తెలుసు. అది పూత రసం పీల్చి విసర్జించే జిగట తీపి నీరే హనీడ్యూ. దాని మీద నల్లటి మసి పడుతుంది. ఈగలు ఆ జిగటనూ పీల్చి తేనె చేస్తాయి, ఆ తేనె నల్లగా ఉంటుంది. అందుకే ‘తేనెమంచు పురుగు’ అని పూర్తిగా రాయండి. ‘తేనె పురుగు’ అని కుదిస్తే మందు కొట్టేవాడు తేనెటీగనే అనుకుంటాడు. పూత మీద మందు తప్పనిసరైతే ఈగలు గూటికి చేరాక, పొద్దు వాలాకే కొట్టాలని పక్కనే ఒక వాక్యం వేయండి.

– ఒక తేనెటీగల పెంపకందారు, కడప