చెరువు కింద గొర్రెలు

కళ్యాణదుర్గం పక్కన మన ఊరి నుంచి,
కార్తీక మాసం, సోమవారం.

పాపా,

నిన్న ఫోన్లో నువ్వు ఏడ్చేసరికి నాకు ఏం చెప్పాలో తోచలేదు. మధ్యలో సిగ్నల్ కూడా పోయింది. నోటితో చెబితే సగం మర్చిపోతావని ఇట్లా రాస్తున్నా. నా ఏడో తరగతి చేతిరాత నీకు అలవాటే కదా.

నెలలో మీవి మూడు గొర్రెలు చచ్చిపోయినాయి. గ్రూపు లోను కంతు నెత్తి మీద ఉంది. పైగా "మీ అమ్మ నేర్పింది ఇంతేనా" అని మీ అత్త అనింది. ఆ మాటలో సగం నిజముంది. నేను నీకు నేర్పింది మెట్ట మీద గొర్రెలు కాయడం. నువ్వు కాస్తున్నది పోరుమామిళ్ల చెరువు కింద.

ఇక్కడ మనల్ని ఏడిపించేది కడుపులో రక్తం పీల్చే పురుగు. నువ్వు తొమ్మిదిలో ఉన్నప్పుడు, వానలు ఇరగబడి పడిన ఏడు, మనవి తొమ్మిది చచ్చినాయి, గుర్తుందా? మీ నాయన ఒకదాన్ని కోసి నాలుగో పొట్ట తిరగేసి చూపించినాడు. అంగుళం పొడుగు దారాలు, ఎర్రపోగు తెల్లపోగు కలిపి పేనినట్టు, ఇంకా కదులుతున్నాయి. ఆ ఎరుపు గొర్రె రక్తం, ఆ తెలుపు పురుగు గుడ్ల సంచి. ఒక్క ఆడపురుగు రోజుకు ఐదు వేల గుడ్లకు తక్కువ పెట్టదంట.

ఆ ఏడు తప్పు నాదే పాపా. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. రెండు నెలలకోసారి మంద మొత్తానికి అదే నట్టల మందు పోస్తూ వచ్చినా. సీసా అన్నిటికీ రావాలని ఒక్కోదానికి సగమే పోసినా. సగం మందుకు మెత్తటి పురుగులు చచ్చి, మొండివి మిగిలి, అవే సంతానం పెంచుకున్నాయి. ఆఖరికి నిండుగా పోసినా పనిచెయ్యలేదు.

అప్పుడే కదా పశువుల డాక్టరు ఐదు రంగుల కార్డు తెచ్చి, కింది రెప్ప లాగి చూడటం నేర్పించింది. దక్షిణాఫ్రికాలో గొర్రెల కోసమే చేసిన కార్డంట. నాకు రెండు మూడు సార్లకే దానితో పని లేకపోయింది. దానిమ్మ గింజ మాదిరి ఎర్రగా ఉంటే వదిలెయ్యడం, పొట్టు తీసిన చెనిక్కాయ పప్పు మాదిరి పాలిపోతే ఆ పూటే మందు పొయ్యడం. ఎర్ర రెప్పవాటికి పొయ్యకపోవడం పిసినారితనం కాదు. వాటి పెంటికల ద్వారా మందుకు చచ్చే రకం బీడులో మిగిలి, మొండి రకంతో కలుస్తుంది. మందు ఇంకొన్నేళ్లు మన మాట వింటుంది.

నువ్వూ అట్లే రెప్పలు చూసినావు. తెల్లగా ఉన్నాయి, దవడ కింద నీరు దిగింది, ఐవర్‌మెక్టిన్ అనే నట్టల సూది వేయించినావు. ఇక్కడైతే నేనూ అదే చేసేదాన్ని. కానీ ఫోన్ కట్ అయ్యే ముందు ఒక మాట అన్నావే, "కార్జంలోంచి వేపాకుల మాదిరి ఏవో వచ్చినాయి, అవతల పారేసినాం" అని. అవి కార్జం జలగలు, నీళ్లలో కాళ్లకు పట్టే జలగలు కాదు. ఆ సూది జలగను ఏమీ చెయ్యదు. మళ్ళీ అదే వేయించకు.

జలగ గుడ్లు పెంటికలతో నీళ్లలో పడతాయి. పిల్ల బయటికొచ్చి నత్తలో దూరి, అక్కడ పెరిగి, మళ్ళీ బయటపడి నీటి అంచు గడ్డికి అంటుకుంటుంది. ఆ గడ్డి మేస్తే కార్జానికి చేరుతుంది. మన మెట్టలో నత్త ఎక్కడుంది, ఎండకు మనమే వడిలిపోతాం. మీ మామగారు మీ చెరువు బుక్కరాయల కొడుకు కట్టించిందని, 1369 శాసనం ఉందని ప్రతిసారీ చెబుతుంటారు కదా. చెరువు గొప్పదే. నత్తలకు కూడా గొప్పదే. ఈ మాట ఆయనతో అనొద్దులే.

రేపే ఐదారు గొర్రెల తాజా పెంటికలు వేరువేరు పొట్లాల్లో పశువుల ఆసుపత్రికి తీసుకుపో. గుడ్లు కనపడలేదన్నా ఊరుకోవద్దు. జలగ గుడ్లు పెట్టే వయసుకు రావడానికి మూడు నెలలు పడుతుంది, గొర్రెను చంపడానికి దానికి అంతకాలం అక్కర్లేదు. వేపాకుల సంగతి డాక్టరుకు నోరు తెరిచి చెప్పు. ఆక్సీక్లోజనైడ్ ముదురు జలగలనే చంపుతుంది, ట్రైక్లాబెండజోల్ పిల్లవాటిని కూడా. ఏది, ఎంత అనేది ఆయనే చెప్పాలి. జలగకు రెప్ప చూసి ఏరితే చాలదు, మందకంతా పొయ్యమంటే పొయ్యి, సగం సగం మాత్రం వద్దు. చూలు గొర్రెలు ఏవో ముందే చెప్పు, ఆల్బెండజోల్ లాంటివి మొదటి నెల చూలుకు పడవు. పోసేటప్పుడు తల పైకెత్తే అలవాటు నీకుంది, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మూతి పక్క నుంచి నిదానంగా పొయ్యి.

చెరువు అంచు, తడి మడి రేపటి నుంచే మాన్పించు. గుట్ట వైపు తోలండి, అదీ మంచు ఆరినాకే. తడి గడ్డి మీదైతే దారం పురుగు పిల్లలు పైకి పాకి ఉంటాయి. నీళ్లు దొడ్డిలో తొట్టి కట్టి పెట్టండి. అల్లుడు దూరమని సణుగుతాడు. సణగనీ.

శుక్రవారం బస్సుకు వస్తున్నా. బాగా పాలిపోయినవాటి నెత్తిన పసుపు పూసి పెట్టు, వాటిని గుట్టకు నడిపించకుండా దొడ్డిలోనే మేత వెయ్. మీ అత్తకు చెనిక్కాయలు తెస్తా. నా తొమ్మిది గొర్రెల సంగతి ఆమెకు నేనే చెబుతా.

ఇట్లు,
అమ్మ