శుభలేఖలు ఆలస్యమైన పదకొండు ఇళ్లవారికి, మిగతా మన కస్టమర్లకీ

నమస్కారం.

మొన్నటి పెళ్లిళ్ల సీజన్లో మా ప్రెస్సు నుంచి పదకొండు ఇళ్లకు శుభలేఖలు చెప్పిన రోజుకి అందలేదు. కొందరికి నాలుగు రోజులు, ఒకరికైతే తొమ్మిది రోజులు ఆలస్యమైంది. గంట్యాడ నుంచి వచ్చిన ఒక పెద్దాయన పసుపు పొట్లం జేబులో పెట్టుకుని సాయంత్రం దాకా మా కౌంటరు ముందు కూర్చున్నారు. కార్డులు చేతికి రాగానే నాలుగు మూలలా పసుపు రాసి, మొదటిది పైడితల్లి అమ్మవారి దగ్గర పెట్టి ఇంటికి వెళ్దామని వచ్చారాయన. ఉత్త చేతులతో బస్సెక్కారు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ రోజు నుంచి నాకు సరిగా నిద్ర లేదు.

జరిగింది చెబుతాను. మాకు పేపరు, కార్డులకు వాడే మందపాటి బోర్డు, అచ్చు వేసే ప్లేట్లు ఇచ్చే డీలరుకు విజయనగరంలోనే గోడౌన్ ఉండేది. పొద్దున ఫోన్ చేస్తే మధ్యాహ్నానికి సరుకు దిగేది. కిందటి ఏడాది ఆ గోడౌన్ ఎత్తేశారు. ఇక విశాఖ నుంచే పంపిస్తాం, రోజూ వ్యాన్ వస్తుంది, మీకు తేడాయే తెలీదు అన్నారు. రోజూ అన్న వ్యాన్ వారానికి రెండుసార్లయింది. సరిగ్గా సీజన్ మొదలయ్యాక ఒక్కసారికి దిగింది. పెద్ద ఆర్డరైతే తప్ప వ్యాన్ కదలదన్నారు. ఆఖరికి మూడు వందల జీఎస్ఎం (చదరపు మీటరుకు ఎన్ని గ్రాముల బరువో చెప్పే లెక్క) ఆర్ట్ బోర్డు అడిగితే, అంతకన్నా పల్చని రెండు వందల యాభైది దించేసి వెళ్లిపోయారు. ఫోన్ చేస్తే డీలరు, "వేసెయ్ బాబాయ్, ఎవరు తూచి చూస్తారు" అన్నాడు.

నేను వెయ్యలేదు. మీకు చూపించిన శాంపిల్ ఒకటి, ఇచ్చే కార్డు ఇంకొకటి అవ్వడం మా ఇంటా వంటా లేదు. సరుకు తిప్పి పంపి, సరైనది వచ్చేదాకా ఆగాను. ఆ ఆగడమే ఆలస్యం. అయితే రేపు వచ్చేస్తుంది, ఎల్లుండి వచ్చేస్తుంది అనుకుంటూ మీకు ముందే ఫోన్ చేసి చెప్పకపోవడం మాత్రం పూర్తిగా నా తప్పు. క్షమించండి.

సీజన్ అయిపోయాక అదే డీలరు వచ్చి కూర్చున్నాడు. మెషిన్ అమ్మేయమన్నాడు. ఆర్డరు నువ్వు తీసుకో, డిజైన్ వాట్సాప్‌లో పెట్టు, విశాఖలో వేయించి నేనే పంపిస్తా, నీ కమీషన్ నీకొస్తుంది అన్నాడు. మన ఊళ్లో ఇప్పుడు చాలా షాపులు ఇలాగే నడుస్తున్నాయి. బోర్డు మీద ప్రింటర్స్ అని ఉంటుంది, లోపల ఒక కంప్యూటరు, శాంపిల్ ఆల్బమ్‌లు ఉంటాయి. వాళ్లను నేను తప్పు పట్టను. అందరికీ ఇల్లు గడవాలి.

నెలన్నర పాటు రోజూ రాత్రి ఆ లెక్కే వేశాను. అద్దె, కరెంటు, ఇంకు, నలుగురి జీతాలు, రోలరు పాడైతే విశాఖ నుంచి వచ్చే మెకానిక్ ఖర్చు. ఎలా కూడినా కమీషన్ పద్ధతిలోనే నెలకు పన్నెండు వేలు ఎక్కువ మిగులుతోంది. మా ఆవిడ ఆ కాగితం చూసి ఏమీ అనకుండా మడిచి డైరీలో పెట్టింది.

మా నాన్న ఈ ప్రెస్సు పెట్టింది 1981లో. అప్పటికి విజయనగరం జిల్లా ఏర్పడి రెండేళ్లు. జిల్లా ఆఫీసులు వచ్చాయంటే ఫారాలు, రిజిస్టర్లు, రసీదు పుస్తకాలు వచ్చినట్టే. జూట్ మిల్లుల గేట్ పాసులు, హాజరు కార్డులు, జీతాల చీటీలు మా ట్రెడిల్ (పాతకాలపు చిన్న అచ్చు యంత్రం) మీదే పడేవి. మిల్లులు మూతపడుతూ వచ్చాయి. ఆఫీసుల్లో ఫారాలు కంప్యూటర్లోకి వెళ్లిపోయాయి. 2022 ఏప్రిల్లో పార్వతీపురం, సాలూరు, కురుపాం వైపంతా మన్యం జిల్లా అయ్యాక, కలెక్టరేట్ పని మీద వచ్చి పనిలో పనిగా మాకు ఆర్డరిచ్చి వెళ్లేవాళ్లు కూడా తగ్గారు. రాజాం మన జిల్లాలోకి వచ్చింది గానీ, వాళ్లకు వాళ్ల ప్రెస్సులు ఎప్పటినుంచో ఉన్నాయి. భోగాపురం ఎయిర్‌పోర్టుతో ఊరి దశ తిరుగుతుందని అందరూ అంటారు. సంతోషమే. కానీ పదహారో నంబరు హైవే కూడా ఆ భోగాపురం మీదుగానే పోతుంది, మన ఊళ్లోకి రాదు. నాకు కావలసింది ఊళ్లో ఒక పేపరు గోడౌన్.

ఇంకో మాట కూడా చెప్పాలి, మనసులో పెట్టుకోలేను. మా పాత కస్టమర్ల ఇంటి నుంచి ఈ మధ్య నాకు పెళ్లి పిలుపు వచ్చింది. పట్టుచీరలకు విశాఖ వెళ్లి, కార్డులు కూడా అక్కడే ఇచ్చేశారట. చదువుతుంటే పెళ్లికూతురు తండ్రి పేరులో అచ్చుతప్పు కనిపించింది. ఆయన పెళ్లి కార్డు మా నాన్న ఒక్కో అక్షరం చేత్తో కూర్చి వేశారు. మా దగ్గరైతే ఆ పేరు అలా పడేది కాదు. పెళ్లికి వెళ్లాను, అక్షింతలు వేశాను, ఏమీ అనలేదు. కానీ బాధేసింది.

అమ్మే మాట మా మెషిన్ మ్యాన్ చెవిన ఎలాగో పడింది. మా దగ్గర పందొమ్మిదేళ్లుగా ఉన్న మనిషి. రోలర్లు కడుగుతూ, తల ఎత్తకుండా, "మిషను అమ్మెత్తే నానేటి సేత్తాను బాబూ" అన్నాడు. విశాఖ వెళితే అతనికి పని దొరుకుతుందని మా ఇద్దరికీ తెలుసు. మా దగ్గర డిజైన్ నేర్చుకున్న ఇద్దరు కుర్రాళ్లు నెలకు నాలుగు వేలు ఎక్కువని అలా వెళ్లినవాళ్లే. వాళ్లను ఆపే స్తోమత నాకు లేకపోయింది. ఈయనకి మాత్రం ఊళ్లో ఇల్లుంది, మంచాన పడ్డ తల్లి ఉంది. మర్నాడు డీలరుకు ఫోన్ చేసి మెషిన్ అమ్మనని చెప్పాను. ఆ పన్నెండు వేలు నాకొద్దు.

ఇక మీకు సంబంధించినవి. మా ఆవిడ గాజులు బ్యాంకులో పెట్టి, వేరే డీలరు దగ్గర రెండు నెలలకు సరిపడా బోర్డు కొని పెట్టాను. ప్లేట్లకు మా కుర్రాడే పొద్దుటి రైలుకి విశాఖ వెళ్లి తెస్తాడు. అందువల్ల వంద కార్డులకు అరవై రూపాయలు పెంచక తప్పలేదు. ఆర్డరు కనీసం పదిహేను రోజుల ముందు ఇవ్వండి. ఒక్క రోజు ఆలస్యమయ్యేలా ఉన్నా ఆ రోజే ఫోన్ చేస్తాను. పేర్లు, గోత్రాలు, ముహూర్తం మీరు ప్రూఫ్ మీద సంతకం పెట్టాకే మెషిన్ ఎక్కుతాయి. విశాఖలో వేయించిన కార్డు మా పేరు మీద అమ్మను. ఎవరైనా వచ్చి మెషిన్ ఆడుతుండగా చూడొచ్చు, గంటస్తంభం వెనక సందులో చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది.

ఆలస్యమైన పదకొండు ఇళ్లకూ సగం డబ్బు వెనక్కి ఇస్తున్నాను. ఎనిమిది ఇళ్లవారు తీసుకున్నారు. ఇద్దరు వచ్చే ఆర్డర్లో చూసుకుందాం అన్నారు. గంట్యాడ పెద్దాయన ఫోన్ ఎత్తడం లేదు. వచ్చే ఆదివారం నేనే వాళ్ల ఇంటికి వెళ్లి వస్తాను. ఆ రోజు షాపు మధ్యాహ్నం రెండు తర్వాతే తీస్తాం.